ఘన హైడ్రోజన్‌లో 4 కెల్విన్ల వద్ద పరమాణువులు ఎలా కదులుతాయి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. ఘన హైడ్రోజన్‌ను 4 కెల్విన్లకు చల్లబరిచాక కూడా అందులో చిక్కుకున్న హైడ్రోజన్ పరమాణువులు కదులుతూనే ఉంటాయని, అంటే ‘కణాల వ్యాపనం’ ఆగదని, మీరు చదివారు. అంత చలిలో అవరోధాన్ని దాటే శక్తి వాటికి ఎక్కడిది అన్నది మీ మొదటి సందేహం. టన్నెలింగే, అంటే అవరోధాన్ని ఎక్కకుండా దాని గుండా అవతలికి చేరడమే, కారణమైతే దానికి ఉష్ణోగ్రతతో పనిలేదు కదా, మరి ప్రయోగాల్లో వేగం ఉష్ణోగ్రతతో పాటు ఎందుకు మారుతోంది అన్నది రెండోది. ఇదే పని హైడ్రోజన్‌కు రెట్టింపు ద్రవ్యరాశి ఉన్న ఐసోటోప్ డ్యుటీరియంలో ఎందుకు జరగడం లేదు అన్నది మూడోది.

సూటిగా జవాబు ఇది. అవును, కదులుతాయి. అవరోధం మీదుగా ఎక్కి దిగవు, దాని గుండా అవతలికి చేరతాయి. కానీ టన్నెలింగ్ జరిగినంత మాత్రాన వ్యాపనం జరిగినట్టు కాదు. అవరోధం పలచగా ఉండడం సగం షరతు మాత్రమే. అవతలి స్థానంలోని శక్తి స్థాయి ఇవతలి స్థాయితో సరితూగడం మిగతా సగం. మొదటి సగానికి ఉష్ణోగ్రతతో దాదాపు సంబంధం లేదు, రెండో సగానికి చాలా ఉంది. మీ రెండో సందేహానికి మూలం అక్కడే ఉంది. పాఠ్యపుస్తకాలు మొదటి సగాన్ని పేజీల కొద్దీ వివరించి రెండోదాన్ని ఒక వాక్యంలో ముగిస్తాయి. అందుకే నేను ఆ రెండో సగం మీదే ఎక్కువసేపు ఉంటాను.

నేను చాలా ఏళ్లుగా ఘన పారాహైడ్రోజన్ (హైడ్రోజన్ అణువుల్లో ఒక రకం, వివరం కింద ఉంది) స్ఫటికాలతోనే పనిచేస్తున్నాను. శుద్ధమైన హైడ్రోజన్ వాయువును 15 కెల్విన్ల దగ్గర ఉంచిన ఐరన్ ఆక్సైడ్ రేణువుల గుండా పంపి, బయటికి వచ్చినదాన్ని శూన్యంలో 2.5 కెల్విన్ల వద్ద ఉన్న బేరియం ఫ్లోరైడ్ పలక మీదికి వదులుతాం. తాకగానే గడ్డకడుతుంది. కొంతసేపటికి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన స్ఫటికం తయారవుతుంది. అది ఎంత నిర్మలంగా ఉంటుందంటే, మొదటిసారి చూసినవాళ్లు పలక మీద ఏమీ లేదనుకుంటారు. వాయువులో ముందే కలిపిన కొద్దిపాటి అణువులను అతినీలలోహిత కాంతితో విడగొడితే హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. పరారుణ వర్ణపటంలో ఆ పరమాణువు నేరుగా కనబడదు. అది తిరిగి తిరిగి మరో అణువును చేరి చర్య జరిపినప్పుడు, కొత్తగా పుట్టిన అణువు శోషణ రేఖ గంట గంటకూ పెరుగుతూ కనిపిస్తుంది. ఆ పెరుగుదలే మాకు పరమాణువు నడక ఆనవాలు. కింద రాసేదంతా ఇలాంటి గీతలను చూస్తూ, నాకంటే ముందు చూసినవాళ్ల ఫలితాలతో పోల్చుకుంటూ నేర్చుకున్నది.

ఇది మామూలు ఘనపదార్థం కాదు

హైడ్రోజన్ దాదాపు 14 కెల్విన్ల వద్ద గడ్డకడుతుంది. జేమ్స్ డ్యూయర్ 1898లో దాన్ని ద్రవంగా మార్చి, మరుసటి ఏడాది ఘనరూపంలోకి తెచ్చాడు. ఈ ఘనంలో జాలక బిందువుల వద్ద ఉండేవి హైడ్రోజన్ అణువులు, అంటే జంట పరమాణువులు. అణువులోని రెండు పరమాణువుల మధ్య దూరం 0.74 ఆంగ్‌స్ట్రామ్‌లు. పక్కపక్క అణువుల కేంద్రాల మధ్య దూరం 3.79 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ రెండు సంఖ్యలనూ గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం పడతాయి. అణువులు ఎంత బిగుతైనవో వాటి మధ్య పట్టు అంత వదులైనది. ఇద్దరు ఇరుగుపొరుగు అణువుల ఆకర్షణ లోతును ఉష్ణోగ్రతగా మార్చి చెబితే 37 కెల్విన్లే.

ఇంత తేలికైన అణువును ఇంత బలహీనమైన పట్టులో ఉంచితే అది కుదురుగా ఉండదు. ఉష్ణోగ్రతను పరమ శూన్యం దాకా దించినా శూన్యబిందు చలనం మిగులుతుంది. ఘన హైడ్రోజన్‌లో ఈ చలనం విస్తృతి పక్క అణువుతో ఉన్న దూరంలో సుమారు 18 శాతం. మామూలు స్ఫటికాల్లో ఊగిసలాట ఆ దూరంలో పదో వంతుకు చేరితే స్ఫటికం కరుగుతుందని లిండెమన్ చెప్పిన పాత కొలమానం ఒకటుంది. ఆ లెక్కన హైడ్రోజన్ ఎంత చల్లబరిచినా గడ్డకట్టకూడదు. కడుతోంది. ఇలాంటి పదార్థాలను క్వాంటమ్ ఘనాలు అంటారు. హీలియం ఈ వరుసలో ముందుంది, ఆ తర్వాత హైడ్రోజన్, దాని వెనుక డ్యుటీరియం. నియాన్ దగ్గరికి వచ్చేసరికి ఈ లక్షణం చాలావరకు తగ్గిపోతుంది.

కాబట్టి ఘన హైడ్రోజన్ అనగానే బల్ల మీద వరుసగా పేర్చిన గోళీలను ఊహించుకోవద్దు. ఒక్కో అణువూ తన గదిలో ఒక మసక మేఘంలా పరుచుకుని ఉంది, మేఘాల అంచులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి అనుకోండి. టన్నెలింగ్‌కు కావలసిన రంగం దానంతటదే సిద్ధమై ఉంటుంది.

ఉష్ణశక్తితో అయితే ఎంత కదలాలి?

అంకెలు వేసి చూస్తేనే నమ్మకం కుదురుతుంది. ఘన హైడ్రోజన్‌లో అణువులు మామూలు పద్ధతిలో కదలాలంటే జాలకంలో ఖాళీ స్థానం ఏర్పడాలి, పక్క అణువు అందులోకి దూకాలి. దీనికి కావలసిన ఉత్తేజన శక్తి సుమారు 200 కెల్విన్లు. అణువు సెకనుకు పది లక్షల కోట్ల సార్లు, అంటే 10¹³ సార్లు ప్రయత్నిస్తుందనుకుందాం. 10 కెల్విన్ల వద్ద, గెంతే అవకాశాన్ని చెప్పే e ఘాతంలో మైనస్ 20 వస్తుంది (200ను 10తో భాగించాం), సెకనుకు సుమారు ఇరవై వేల గెంతులు. కేంద్రక అయస్కాంత అనునాద రేఖలు, అణువుల కదలికకు గుర్తుగా, సరిగ్గా ఈ ఉష్ణోగ్రత దరిదాపుల్లోనే సన్నబడడం మొదలవుతుంది. లెక్క నిజానికి దగ్గరగా ఉందనడానికి అది సాక్ష్యం. ఇప్పుడు 4 కెల్విన్లకు దించండి. ఘాతం మైనస్ 50 అవుతుంది. ఒక్క గెంతుకు పట్టే కాలం పదహారేళ్లు. పదార్థం అదే, అవరోధం అదే. ఆరు కెల్విన్ల తేడా సెకనుకు వేల గెంతులను పదహారేళ్లకు ఒక గెంతుగా మార్చింది.

మరి 4 కెల్విన్ల వద్ద హైడ్రోజన్ పరమాణువులు ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోవడాన్ని ఎలక్ట్రాన్ స్పిన్ అనునాద ప్రయోగాల్లో చాలామంది కళ్లారా చూశారు. 507 గాస్‌ల ఎడంలో కనిపించే హైడ్రోజన్ పరమాణువు జంట రేఖలు గంటల వ్యవధిలో తగ్గిపోతాయి. 1980ల మొదట్లోనే ఈ ఫలితాలు వచ్చాయి. ఉష్ణోగ్రతను 4 నుంచి 2 కెల్విన్లకు దించినా తరుగుదల వేగం పెద్దగా మారలేదు. 5 కెల్విన్లు దాటాక మాత్రం ఒక్కసారిగా పెరిగింది, ఆ పెరుగుదల ఏటవాలు నుంచి లెక్కగడితే మళ్లీ ఆ 200 కెల్విన్ల దరిదాపు సంఖ్యే వచ్చింది. అంటే పై భాగంలో ఖాళీ స్థానాల దారి, కింది భాగంలో టన్నెలింగ్ దారి. రెండూ ఒకే గీత మీద విడివిడిగా కనిపిస్తాయి.

పరమాణువు నడవదు, పాత్ర చేతులు మారుతుంది

ఈ విషయం నాకు ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది. హైడ్రోజన్ పరమాణువు ఒక అణువు స్థానంలో కూర్చుని ఉంది. పక్క స్థానానికి వెళ్లాలి. అందుకు ఒక దారి, పక్క అణువుతో స్థలం మార్చుకోవడం. అంటే రెండూ దాదాపు 3.79 ఆంగ్‌స్ట్రామ్‌లు జరగాలి, అదీ ఇరుకులో ఒకదాని పక్కనుంచి ఒకటి ఒరుసుకుంటూ. టన్నెలింగ్‌కు దూరం పెరగడం ఎంత చేటో మీకు తెలుసు.

రెండో దారి రసాయనికం. పరమాణువు పక్క అణువులోని దగ్గరి పరమాణువుతో బంధం కడుతుంది, ఆ అణువులోని దూరపు పరమాణువు ఒంటరిగా మిగులుతుంది. ఇప్పుడు ఒంటరి పరమాణువు పక్క స్థానంలో ఉంది. మొదట బయలుదేరినది మాత్రం వెనకే, కొత్త అణువులో భాగంగా ఉండిపోయింది. ఏ ఒక్క పరమాణువూ పూర్తి దూరం ప్రయాణించలేదు, ఒంటరితనం మాత్రం ఒక గడి ముందుకు జరిగింది. కాగడా చేతులు మారుతూ పోతున్నట్టు అనుకోండి, మోసేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే.

ఈ చర్య అవరోధం ఎత్తు మోల్‌కు 9.6 కిలో క్యాలరీలు, ఉష్ణోగ్రతగా చెబితే సుమారు 4800 కెల్విన్లు. 4 కెల్విన్ల వద్ద ఉష్ణశక్తితో దీన్ని ఎక్కే అవకాశం రాయాలంటే దశాంశ బిందువు తర్వాత అయిదు వందలకు పైగా సున్నాలు పెట్టాలి. విశ్వం వయసంతా ఎదురుచూసినా ఒక్క చర్యా జరగదని అర్థం. అవరోధం ఎంతో ఎత్తైనది. కానీ పరమాణువులు జరగవలసిన దూరం తక్కువ, ద్రవ్యరాశి పరమాణువులన్నిటిలోకీ తక్కువ. టన్నెలింగ్ సూత్రంలో ఎత్తు వర్గమూలంగా వస్తుంది, దూరం నేరుగా వస్తుంది. ఎత్తుగా, సన్నగా ఉన్న గోడ, పొట్టిగా మందంగా ఉన్న గోడ కంటే మేలన్నమాట. ఈ రంగంలో చాలామంది రెండో దారినే ప్రధానంగా భావిస్తారు, నా అనుభవమూ అటే మొగ్గుతుంది.

ఈ దారికి మంచి సాక్ష్యం మిశ్రమ స్ఫటికాల్లో దొరుకుతుంది. హైడ్రోజన్, డ్యుటీరియం కలిపి గడ్డకట్టించి వికిరణంతో పరమాణువులను పుట్టిస్తే మొదట రెండు రకాలూ ఉంటాయి. డ్యుటీరియం పరమాణువుకు 78 గాస్‌ల ఎడంలో మూడు రేఖలు, హైడ్రోజన్‌కు 507 గాస్‌ల ఎడంలో రెండు. చీకట్లో అలాగే ఉంచితే డ్యుటీరియం రేఖలు కుంగుతాయి, హైడ్రోజన్ రేఖలు లేస్తాయి. డ్యుటీరియం పరమాణువు పక్కనున్న హైడ్రోజన్ అణువులోకి చొరబడి, ఒక హైడ్రోజన్ పరమాణువును బయటికి నెట్టింది. ఎదురు చర్య ఎందుకు జరగదంటే, భారమైన ఐసోటోప్ అణువులోకి చేరినప్పుడు శూన్యబిందు శక్తి తగ్గుతుంది. ఆ తేడా 400 కెల్విన్లకు పైనే. 4 కెల్విన్ల ప్రపంచంలో 400 కెల్విన్ల గట్టు ఎక్కడం అసాధ్యం. గోడ గుండా పోగలరు, కానీ అవతలి నేల ఎత్తుగా ఉంటే పోలేరు.

అసలు చిక్కు: స్థాయిలు సరితూగడం

పై వాక్యమే మీ రెండో ప్రశ్నకు తలుపు. టన్నెలింగ్ శక్తిని పుట్టించదు. ఇవతలి గుంటలో, అవతలి గుంటలో శక్తి స్థాయిలు ఒకటే అయినప్పుడు పరమాణువు తరంగ ప్రమేయం (అది ఎక్కడెక్కడ ఉండే అవకాశముందో చెప్పేది) రెండు గుంటల్లోనూ పరుచుకుంటుంది. స్ఫటికం పూర్తిగా లోపరహితమైతే అన్ని గుంటలూ ఒకటే, అప్పుడు పరమాణువు ఒక చోటుకు కట్టుబడి ఉండదు, స్ఫటికమంతటా తరంగంలా విస్తరిస్తుంది. 1969లో ఆంద్రేయెవ్, లిఫ్‌షిట్స్ క్వాంటమ్ స్ఫటికాల్లో లోపాలు, మలినాలు ఇలా ప్రవర్తిస్తాయని సిద్ధాంతరీత్యా చెప్పారు. కొన్నేళ్లకే, 1970ల మొదట్లో, ఘన హీలియం-4లో కొద్దిగా కలిపిన హీలియం-3 మీద చేసిన కేంద్రక అయస్కాంత అనునాద కొలతలు దాన్ని నిర్ధారించాయి. మలినం గాఢత తగ్గించేకొద్దీ వ్యాపన గుణకం పెరిగింది. మామూలు బుద్ధికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఒక్కో హీలియం-3 తన చుట్టూ జాలకాన్ని కొద్దిగా సాగదీస్తుంది, పక్క గుంటల స్థాయిలను చెదరగొడుతుంది. అవి ఎంత తక్కువగా ఉంటే మిగిలిన వాటికి దారి అంత చదునుగా ఉంటుంది.

టన్నెలింగ్ వల్ల వచ్చే స్థాయి వెడల్పు ఎంత సన్నమో గ్రహిస్తే ఈ షరతు ఎంత కఠినమో తెలుస్తుంది. పరమాణువు సెకనుకు కొన్ని సార్లో, కొన్ని వేల సార్లో మాత్రమే పక్కకు మారగలిగితే, దానికి సరిపోయే శక్తి వెడల్పు కెల్విన్‌లో కోటో వంతు కంటే చిన్నది. జాలకంలో ఎక్కడో ఒక పగులు, ఒక మలినం, ఒక తప్పుగా తిరిగిన అణువు ఉన్నా పక్క స్థాయి అంతకంటే ఎన్నో రెట్లు పైకో కిందికో జరిగిపోతుంది. అప్పుడు పరమాణువు గోడ ఎంత సన్నగా ఉన్నా ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇక్కడే ఉష్ణోగ్రత ప్రవేశిస్తుంది. జాలక కంపనాలను ఫోనాన్లు అంటాం. స్థాయిలు కొద్దిగా తేడాగా ఉన్నప్పుడు ఒక ఫోనాన్‌ను పీల్చుకునో, వదిలేసో పరమాణువు ఆ తేడాను సర్దుకోగలదు. ఉష్ణోగ్రత పెరిగితే ఫోనాన్లు పెరుగుతాయి, కదలిక పెరుగుతుంది. స్థాయిలు ముందే సరితూగి ఉన్నప్పుడు మాత్రం ఇవే ఫోనాన్లు తరంగ ప్రమేయం పొందికను చెడగొడతాయి, కదలిక తగ్గుతుంది. కాబట్టి ఫోనాన్లు చెదిరిన స్ఫటికంలో సాయం చేస్తాయి, చక్కటి స్ఫటికంలో అడ్డుపడతాయి. మీరు చూసిన గీతల్లో ఒకచోట వేగం చల్లబరిస్తే తగ్గి, మరోచోట చల్లబరిస్తే పెరగడానికి కారణం ఇదే. కాగన్, ఆయన సహచరులు ఈ సిద్ధాంతాన్ని విపులంగా తీర్చిదిద్దారు.

చెదిరిన పక్షానికి ఒక ఉదాహరణ. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయంలో పనిచేసే బృందం హైడ్రోజన్ పరమాణువులను ఘన హైడ్రోజన్ పొరల్లో నింపి, ఒక కెల్విన్ కంటే చాలా దిగువకు చల్లబరిచి గమనించింది. 2006లో వెలువడిన ఫలితాల్లో 150 మిల్లీకెల్విన్ల వద్ద ఆ పరమాణువులు వారాల తరబడి నిలిచాయి. 4 కెల్విన్ల వద్ద గంటల్లో మాయమయ్యేవి ఇక్కడ ఎందుకు ఆగాయి? రెండు పరమాణువులు దగ్గరపడేకొద్దీ ఒకదాని ఉనికి మరొకదాని పక్క గుంటల స్థాయిలను కదిలిస్తుంది. ఆ తేడాను సర్దే ఫోనాన్లు అంత చలిలో లేవు. కలవడానికి ఒకటి రెండు గడుల దూరంలోకి వచ్చి అక్కడే నిలిచిపోతాయి.

చక్కటి పక్షానికి ఉదాహరణగా నైట్రస్ ఆక్సైడ్ ప్రయోగాన్ని చూడండి. ఘన పారాహైడ్రోజన్‌లో హైడ్రోజన్ పరమాణువు నైట్రస్ ఆక్సైడ్‌తో జరిపే చర్య 4 కెల్విన్ల దగ్గర కనిపించదు, ఉష్ణోగ్రతను 2.4 కెల్విన్ల కిందికి దించగానే సాగుతుంది. 2013లో ఈ ఫలితం వచ్చినప్పుడు మా ప్రయోగశాలలో అందరం ఆ గీత ముందు నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం. చల్లబరిస్తే మొదలయ్యే చర్య! వ్యాపనమూ చర్యా రెండూ కలిసి ఉన్న వ్యవస్థ కాబట్టి ఒక్క కారణంతో తేల్చి చెప్పకూడదు. అయినా వేడి చేస్తేనే వేగం పెరుగుతుందన్న అలవాటును వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆర్థో, పారా సంగతి వదిలేస్తే లెక్క తప్పుతుంది

హైడ్రోజన్ అణువులో రెండు ప్రోటాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉంటే ఆర్థో, ఎదురెదురుగా ఉంటే పారా. గది ఉష్ణోగ్రతలో మూడు వంతులు ఆర్థో, ఒక వంతు పారా. చలిలో పారా భూస్థితిలో తిరగకుండా ఉంటుంది, గుండ్రటి బంతి లాంటిది. ఆర్థో ఒక అంచె పైనే చిక్కుకుపోతుంది, రెంటి మధ్య తేడా సుమారు 170 కెల్విన్లు. ఆర్థోకు దిశ ఉంటుంది, విద్యుత్ చతుర్ధ్రువ భ్రామకం (ఆవేశం గుండ్రంగా పరుచుకోకపోవడం) ఉంటుంది, తన చుట్టూ ఉన్న స్థాయిలను కదిలిస్తుంది. అందుకే మేము పైన చెప్పిన ఐరన్ ఆక్సైడ్ ఉత్ప్రేరకంతో పారాగా మార్చుకుంటాం. 15 కెల్విన్ల వద్ద సమతాస్థితిలో పదివేల అణువులకు ఒకటి మాత్రమే ఆర్థోగా మిగులుతుంది.

ఉత్ప్రేరకం లేకపోయినా ఘన హైడ్రోజన్‌లో ఆర్థో నెమ్మదిగా పారాగా మారుతుంది. పక్కపక్కనున్న రెండు ఆర్థో అణువులు కలిసి చేసే పని కాబట్టి వేగం గాఢత వర్గానికి అనుపాతంలో ఉంటుంది, గుణకం గంటకు 1.9 శాతం. మామూలు హైడ్రోజన్‌ను గడ్డకట్టించి 50 గంటలు ఉంచితే ఆర్థో 75 శాతం నుంచి 44 శాతానికి దిగుతుంది. ఇది గాఢత ఎక్కువగా ఉన్నప్పటి లెక్క. ఆర్థో పలచబడి ఒకదానికొకటి దూరమైపోయాక ఈ మార్పు ఆగిపోవాలి. ఆగదు. ఒంటరి ఆర్థోలు ఒకదాని దగ్గరికి ఒకటి చేరతాయి, జంటలుగా గుంపుకడతాయి.

ఇక్కడ కదిలేది ఏమిటి? అణువు కాదు. ఒక ఆర్థో పారాగా మారుతూనే పక్కనున్న పారా ఆర్థోగా మారుతుంది. మొత్తం శక్తి మారదు, స్థాయిలు సరితూగినంతకాలం ఈ మార్పిడి సాగుతుంది. అణువులన్నీ తమ స్థానాల్లోనే ఉండగా ఆర్థోతనం జాలకంలో తిరుగుతుంది. 1971లో ఓయార్జున్, వాన్ క్రానెండాంక్ ఈ వివరణ ఇచ్చారు. మీ ప్రశ్నలో ‘కణాల వ్యాపనం’ అన్నారు కదా, ఘన హైడ్రోజన్‌లో కణం అన్న మాటనే కొంచెం వదులుగా పట్టుకోవాలి. పరమాణువు విషయంలో ఒంటరితనం, ఇక్కడ స్పిన్ స్థితి. వ్యాపించేది ఇలాంటి గుర్తే.

డ్యుటీరియం ఎందుకు ఆగిపోతుంది

ఇది చిన్న సంగతి. టన్నెలింగ్ ఘాతంలో ద్రవ్యరాశి వర్గమూలంగా ఉంటుంది. ఉదాహరణకు హైడ్రోజన్‌కు ఘాతం మైనస్ 20 అనుకుందాం. ద్రవ్యరాశి రెట్టింపైతే అది మైనస్ 28 దాటుతుంది. వేగం దాదాపు నాలుగు వేల రెట్లు తగ్గుతుంది. గంటలో కనిపించవలసినది అయిదు నెలలకు పైగా పడుతుంది. దీనికి తోడు డ్యుటీరియం జాలకంలో శూన్యబిందు చలనమూ తక్కువ, మేఘాల అంచులు అంతగా కలవవు. అందుకే ఘన డ్యుటీరియంలో డ్యుటీరియం పరమాణువులు 4 కెల్విన్ల వద్ద కదలనట్టే ఉంటాయి.

ఐసోటోప్ మార్చి వేగం పోల్చడం టన్నెలింగ్‌కు మంచి పరీక్షే. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. తేలికైన ఐసోటోప్ ఉన్నదే ఎప్పుడూ వేగంగా ఉంటుందని అనుకోవద్దు. 1998లో ఘన పారాహైడ్రోజన్‌లో 5 కెల్విన్ల వద్ద మిథైల్ రాడికల్‌తో చేసిన ప్రయోగంలో డ్యుటీరియంతో చేసిన మిథైల్ హైడ్రోజన్ అణువుతో చర్య జరిపింది, మామూలు మిథైల్ జరిపినట్టు కనబడలేదు. చర్యలో గోడ గుండా పోయేది హైడ్రోజనే, మిథైల్‌లోని డ్యుటీరియం ప్రేక్షకురాలు. అది శూన్యబిందు శక్తిని మార్చి గోడ ఎత్తునే మార్చేసింది.

నా చేతుల మీదుగా జరిగినవి

ఒక దఫా మా స్ఫటికాల్లో చర్య వేగం వారానికో రకంగా వచ్చేది. ఉష్ణోగ్రత అదే, కాంతి మోతాదు అదే. నెల రోజులు వెతికాం. చివరికి తేలింది, ఉత్ప్రేరకం తేమ పీల్చుకుని సరిగా పనిచేయడం లేదు, ఆర్థో కొన్ని శాతం మిగిలిపోతోంది. ఆ తర్వాత ప్రతి స్ఫటికంలోనూ ముందు ఆర్థో శాతం వర్ణపటం నుంచి లెక్కించి నోటుపుస్తకంలో రాసుకున్నాకే మిగతా పని మొదలుపెడుతున్నాను. మీరు చదివే వ్యాసాల్లో ఆర్థో శాతం రాయకపోతే ఆ వేగాలను పోల్చడానికి వాడవద్దు.

ఇంకోటి స్ఫటికాన్ని కరగనివ్వకుండా, కొద్దిగా వెచ్చబరిచి చల్లార్చడం. 2.5 కెల్విన్ల వద్ద వేగంగా పేర్చిన స్ఫటికంలో షట్కోణ కూర్పుతో పాటు క్యూబిక్ (సమఘన) కూర్పు ముక్కలూ కలిసి ఉంటాయి. 4 కెల్విన్లు దాటించి కాసేపు ఉంచితే అదంతా షట్కోణంగా సర్దుకుంటుంది, మళ్లీ చల్లబరిచినా పాత స్థితికి రాదు. ఒకే స్ఫటికంలో వెచ్చబరచక ముందు, తర్వాత 1.8 కెల్విన్ల వద్ద తీసిన గీతలను నేను ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. వేగాలు ఒకటి కావు. ఉష్ణోగ్రతామాపకం ఒకే అంకె చూపుతోంది, మారినది స్ఫటికం లోపలి చదును.

మూడోది నాకు చాలా సమయం వృథా చేసిన పొరపాటు. పరారుణ కిరణాన్ని రాత్రంతా స్ఫటికం గుండా పోనిచ్చాను, గంటకో వర్ణపటం దానంతటదే నమోదయ్యేలా. వచ్చిన వేగాలు చక్కటి గీత మీద పడ్డాయి, సంతోషించాను. నెల తర్వాత అదే ప్రయోగాన్ని కిరణానికి అడ్డుతలుపు పెట్టి, కొలిచే రెండు నిమిషాలు తప్ప మిగతా సమయం కిరణాన్ని ఆపి చేస్తే వేగం స్పష్టంగా తగ్గింది. చూడడానికి వాడిన కాంతే కదలికను రెచ్చగొడుతోంది. అప్పటి గీతలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

పరమాణువుల గాఢత ఎక్కువైనప్పుడు మరో ప్రమాదముంది. రెండు హైడ్రోజన్ పరమాణువులు కలిస్తే 4.48 ఎలక్ట్రాన్ వోల్టులు విడుదలవుతాయి, ఉష్ణోగ్రతగా చూస్తే దాదాపు 52 వేల కెల్విన్లు. నాలుగు కెల్విన్ల స్ఫటికంలో అది చిన్న పేలుడు లాంటిది. చుట్టూ ఉన్న కొన్ని వందల అణువులు క్షణకాలం వెచ్చబడతాయి, ఆ వెచ్చదనంలో మరికొన్ని పరమాణువులు ఖాళీ స్థానాల దారిలో కదిలి కలుస్తాయి. అందువల్ల తరుగుదల గీతలో మొదటి భాగాన్ని చూసి టన్నెలింగ్ వేగం లెక్కగట్టకండి. గాఢతను సగానికి, పావుకు తగ్గించి మళ్లీ కొలవండి. గుణకం ప్రతిసారీ ఒకటే వస్తేనే అది మీరు వెతుకుతున్నది.

మీ దగ్గర ఇప్పటికే గీతలుంటే వేగం సంవర్గమానాన్ని ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా వేయండి. 5 కెల్విన్ల పైన వాలు, కింద చదును కనిపిస్తే మీ పరమాణువులు రెండు దారుల్లోనూ నడుస్తున్నాయి. చదునుగా ఉండవలసిన చోట గీత ఇంకా కిందికి దిగితే స్ఫటికం చెదిరి ఉందేమో చూడండి, వెచ్చబరిచి చల్లార్చి మళ్లీ తీయండి. పైకి లేస్తే ముందు కిరణాన్ని ఆపి చూడండి, ఆ తర్వాత ఉష్ణోగ్రతామాపకం స్ఫటికానికి ఎంత దూరంలో ఉందో కొలవండి. ఈ రెండూ సరిగా ఉన్నాక కూడా గీత లేస్తూనే ఉంటే, ఆర్థో శాతంతో సహా ఆ అంకెలను ఇక్కడ పెట్టండి. నేను తప్పకుండా చూస్తాను.